హెడ్‌సెట్ కంటే ముందు మిరపగింజ

గుంటూరులో మా వీధి పిల్లలకు, వాళ్ల అమ్మమ్మలకు మొదటిసారి వీఆర్ హెడ్‌సెట్‌లో (కళ్లకు తగిలించుకుంటే చుట్టూ వేరే లోకం ఉన్నట్టు చూపించే పరికరం) సౌరకుటుంబం చూపించినప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు. తీశాక, సూర్యుడు మనకు ఎంత దూరమని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. అందుకే రెండోసారి పద్ధతి మార్చాను.

ముందుగా ఒక ఎండుమిరపకాయ చీల్చి, గింజను అరచేతిలో పెట్టాను. 3 మిల్లీమీటర్ల ఆ గింజే భూమి అనుకుంటే, సూర్యుడు సుమారు 33 సెంటీమీటర్ల బంతి. రెంటికీ మధ్య 35 మీటర్లు. బంతిని అంత దూరంలో పెట్టించి అక్కడిదాకా నడిపించాకే హెడ్‌సెట్ తగిలించాను. ఇలాంటి దృశ్యాల్లో చాలావరకు గ్రహాలను లావు చేసి, దగ్గరకు జరిపి చూపిస్తారు. ఆ సంగతి ఒక పెద్దావిడే పట్టేశారు: "గింజ ఇంత లావైందేమిటి బాబూ?"

మీరూ ఇలా చూపించాలనుకుంటే, కుర్చీలో కూర్చోబెట్టే చూపించండి, మూడు నాలుగు నిమిషాలు చాలు. కదులుతున్నామని కళ్లు అంటాయి, లేదని లోపలి చెవి అంటుంది. ఆ తగవులో కడుపు తిప్పుతుంది. కాబట్టి రివ్వున ఎగిరే దృశ్యాలు వద్దు. వాళ్లు చూస్తున్నంతసేపు మీరు మాట్లాడకండి (నాకు ఇదే కష్టమైంది). తీశాక, ఏమి చూశారో వాళ్లనే చెప్పనివ్వండి.

మన ఎండలకు అద్దాల మీద చెమట ఆవిరి పడుతుంది, మెత్తటి పొడి గుడ్డ దగ్గర ఉంచుకోండి. మిరపకాయ ముట్టుకున్న చేతులన్నీ సబ్బుతో కడిగించాకే హెడ్‌సెట్ ఇవ్వండి.