డాబా మీది సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇవ్వాలంటే: ఒడిశా సరిహద్దు జిల్లాల వాళ్లకి దరఖాస్తు విధానం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మనవాళ్లు చాలామంది సోలార్ పెట్టించుకోవాలని చూస్తున్నారు. వెండరుకి (సోలార్ బిగించే కంపెనీకి) అడ్వాన్సు కట్టేశాక, కరెంటు బిల్లులో పేరు కలవలేదని దరఖాస్తు ఆగిపోయిన ఇళ్లు ఈ చుట్టుపక్కల కనిపిస్తున్నాయి. డబ్బు తీసుకున్న బ్రోకరు ఆ తర్వాత ఫోను ఎత్తడు. అలాంటి ఇల్లు ఇంకొకటి కాకూడదని ఇది రాస్తున్నాను.

దరఖాస్తు పెట్టడం కష్టమేమీ కాదు. డాబా సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్. దాని పోర్టల్లో (వెబ్‌సైట్లో) రాష్ట్రం ఒడిశా, కరెంటు సంస్థ టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ అని ఎంచుకోవాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి జిల్లాలన్నీ దాని కిందికే వస్తాయి. బిల్లు మీది కన్స్యూమర్ నంబరు, మీ సొంత ఫోను నంబరు ఇచ్చి, తాజా బిల్లు అప్‌లోడ్ చేస్తే చాలు. పోర్టల్లో దరఖాస్తుకి రుసుము లేదు. నెట్ మీటరుకి (మీరు వాడిన కరెంటు, గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటు రెండూ లెక్కపెట్టే మీటరుకి) మాత్రం కరెంటు సంస్థ నిర్ణయించిన ఛార్జీ ఉంటుంది, అది రసీదు మీదే కట్టాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించాక 10 కిలోవాట్ల వరకు విడిగా సాంకేతిక పరిశీలన కూడా అక్కర్లేదు. ఆఫీసులో ఫైలు కదిలించాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

కేంద్రం సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేలు, మూడోదానికి 18 వేలు. అంటే 3 కిలోవాట్లు, అంతకు మించి ఎంత పెట్టినా 78 వేలే. దీనికి తోడు ఒడిశా ప్రభుత్వం ఒక కిలోవాటుకి 25 వేలు, రెండింటికి 50 వేలు, మూడింటికి 60 వేలు ప్రకటించింది. ఇది గృహ కనెక్షన్లకే. కింద కొట్టు, పైన ఇల్లు ఉండి మీటరు కమర్షియల్‌లో ఉంటే సబ్సిడీ రాదు.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. పోర్టల్లో పేరు, బిల్లులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే మనిషివి కావాలి. మనం ఇంటిపేరు ముందు పెట్టి ఒక్క పొడి అక్షరంతో సరిపెడతాం. ఇక్కడ తీసుకున్న ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంటుంది. ఒడియాలో రాసుకున్న పాత బిల్లులో వెంకటరావు భెంకట్ రావు అయిపోయి ఉంటాడు. ఇంతవరకే తేడా అయితే ఆధార్, ఇంటి పట్టా జిరాక్సులతో కరెంటు సంస్థ సెక్షన్ ఆఫీసులో పేరు దిద్దమని అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

చాలా ఇళ్లలో మీటరు ఇంకా చనిపోయిన నాన్న పేరునో తాత పేరునో ఉంటుంది. "ఆ పేరు మీదే పెట్టేద్దాం, ఓటీపీ నా ఫోనుకి వస్తుంది" అంటాడు బ్రోకరు. ఒప్పుకోకండి. సబ్సిడీ పడేది దరఖాస్తుదారు ఖాతాలో. లేని మనిషి ఖాతాలో పడ్డ డబ్బు మీరు ఎలా తీసుకుంటారు? అందుకే ముందు కనెక్షను మీ పేరుకి మార్పించుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే లీగల్ హెయిర్ (వారసుల) సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్, ఇంటి కాగితం దగ్గర పెట్టుకోండి. పాత బాకీ ఉంటే తీర్చేయాలి. నాన్న విశాఖ ఆస్పత్రిలో పోయి ఉంటే అక్కడ ఇచ్చిన మరణ పత్రం ఇక్కడా చెల్లుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

ఎక్కువ ఆలస్యం అఫిడవిట్ దగ్గరే. అక్క బొబ్బిలిలో, తమ్ముడు విశాఖలో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటూ ఏడాది గడిచిపోతుంది. వాళ్లున్న ఊళ్లోనే నోటరీ చేయించి పంపితే తీసుకుంటారా అని సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల పేర్లు లీగల్ హెయిర్ అర్జీలో వదిలేయకండి, తర్వాత అదే పెద్ద గొడవ అవుతుంది. మీటరు పేరు మారినంత మాత్రాన ఇంటి మీద ఎవరి హక్కూ మారదు. సంతకం అడిగే ముందే తోబుట్టువులకి ఈ మాట చెప్పండి, చాలా ఇళ్లలో సంతకం ఆగేది ఈ అనుమానంతోనే. కొత్త పేరుతో ఒక బిల్లు చేతికొచ్చాకే పోర్టల్ తెరవండి. అప్పటిదాకా ఏ వెండరుకీ రూపాయి ఇవ్వద్దు.

మిగిలిన కరెంటు ఆంధ్రాకి అమ్మిపెడతాం, పై దేశాలకి పంపిస్తాం అని చెప్పి డిపాజిట్ అడిగేవాళ్ల మాట నమ్మకండి. రాష్ట్రం దాటే కరెంటు వ్యవహారం కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పరిధిలోది. దేశం దాటాలంటే 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థలో నియమించిన అధికారి అనుమతి కావాలి. అవి పెద్ద ఉత్పత్తి సంస్థలు, వ్యాపార సంస్థలు చేసుకునే దరఖాస్తులు. మీ డాబా మీద మిగిలిన యూనిట్లు మీ వీధి లైన్లోకే వెళ్తాయి, మీ బిల్లులోనే సర్దుబాటు అవుతాయి.

వెండరుని పోర్టల్లో చూపించే జాబితాలోంచే ఎంచుకోండి. సరిహద్దు అవతలివాడైనా జాబితాలో ఉంటే అభ్యంతరం లేదు. సబ్సిడీ రావాలంటే సోలార్ పలకలు, వాటిలోని సెల్స్ (కరెంటు పుట్టించే చిన్న ముక్కలు) రెండూ దేశంలో తయారైనవే కావాలి. ఒప్పందంలో ఆ మాట, అయిదేళ్ల మెయింటెనెన్స్ మాట రాయించుకోండి. పలకల వెనక ఉన్న సీరియల్ నంబర్లు బిగించకముందే ఫొటో తీసి పెట్టుకోండి.

బిగించాక కరెంటు సంస్థవాళ్లు వచ్చి చూసి, నెట్ మీటరు పెడతారు. పోర్టల్లో కమిషనింగ్ రిపోర్టు (సోలార్ పని మొదలైందన్న ధ్రువీకరణ) కనిపించాక బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు అప్‌లోడ్ చేస్తే కేంద్రం సబ్సిడీ మామూలుగా 30 రోజుల్లో నేరుగా మీ ఖాతాలో పడుతుంది. వెండరు ఖాతాకి వెళ్లదు. మొదటి బిల్లు రాగానే ఎక్స్‌పోర్ట్ యూనిట్లు (మీరు గ్రిడ్‌కి ఇచ్చినవి) చూడండి. ఎండ బాగా కాసిన నెలలో కూడా అక్కడ సున్నా ఉంటే మీటరు ఫొటోతో సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ పని జరగకపోతే సంస్థ గ్రీవెన్స్ ఫోరానికి (ఫిర్యాదుల వేదికకి), ఆ తర్వాత దాని పైన అప్పీలు వినే అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు.