బట్టల బీరువా ఎంత సర్దినా నిలవకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

సెలవు రోజంతా కూర్చుని సర్దిన బీరువా వారం తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తే, లోపం సర్దినవారి ఓపికలో లేదు. తీసిన బట్టను అంతే తేలిగ్గా తిరిగి పెట్టే వీలు లేకపోవడమో, లోపల గాలి ఆడకపోవడమో చాలా ఇబ్బందులకు మూలం. అందుచేత కనిపిస్తున్న లక్షణం ఏమిటో, అది ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకున్న తరువాతే మడతలకు పూనుకోవడం మంచిది.

ఒక చొక్కా లాగితే దొంతరంతా కూలుతోంది

అరకూ అరకూ మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, ఆ ఖాళీ నిండేదాకా మనం తెలియకుండానే బట్టలు పేరుస్తాం. అడుగునుంచి మూడో చొక్కా కావలసినప్పుడు ఒక చేత్తో పైవన్నీ ఎత్తిపట్టి రెండో చేత్తో దాన్ని లాగుతాం. దాని కిందున్న చొక్కా కూడా సగం జారి వచ్చి అర అంచున వేలాడుతుంది, మరునాడు వేలాడే ఆ చొక్కా చేయి తలుపు సందులో నలుగుతుంది. దొంతర ఎత్తు 20 నుంచి 25 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. అరల మధ్య ఎడం అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటే మధ్యలో మరో పలక వేయించడమే శాశ్వతమైన మార్గం. సొరుగుల్లో అయితే ఒకదానిమీద ఒకటి పేర్చడం మాని, పుస్తకాల వరుసలా నిలువుగా పెట్టాలి. మడిచిన బట్ట చెయ్యి వదిలినా తనంతట తాను నిలబడితే ఆ మడత సరిపోయినట్టే. వరుస చివర నాలుగు వేళ్లు దూరేంత చోటు వదిలితే తీసింది మళ్లీ అక్కడే పెట్టగలుగుతాం.

కుర్చీ మీద పోగు తరగడం లేదు

ఒకసారి తొడిగిన బట్ట ఉతుకుకు వేసేంత మాసినది కాదు, శుభ్రమైనవాటిలో కలిపేంత తాజాదీ కాదు. దానికంటూ ఒక చోటు లేకపోవడం వల్లనే అది కుర్చీకి చేరుతుంది. బీరువా బయట నాలుగైదు కొక్కేలు బిగించి, అవి నిండిన రోజున కొన్నింటిని ఉతుకుకు వేయడం అలవాటు చేసుకుంటే చాలు.

తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తోంది

నిజంగా శ్రద్ధ పెట్టవలసిన సమస్య ఇది. గాలిలో తేమ చాలాకాలం 60 శాతానికి మించి ఉంటే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. పైకి ఆరినట్టు కనిపించే చొక్కా కాలరులో, ప్యాంటు నడుముపట్టీలో, జేబుల అడుగున చెమ్మ మిగిలి ఉంటుంది కనుక బట్టను లోపల పెట్టేముందు అక్కడ వేళ్లతో నొక్కి చూడాలి. ఇస్త్రీ చేసిన వెంటనే కూడా పెట్టకూడదు. ఆ వేడిలోని ఆవిరి మడతల్లోనే చిక్కుకుంటుంది.

బట్టలన్నీ బాగా ఆరినా వాసన పోకపోతే గోడను అనుమానించాలి. మా ఇంట్లో అవే బట్టలను రెండుసార్లు ఉతికిన తరువాత గాని బీరువా జరిపి వెనక్కి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. వెనక పలక చల్లగా, తడిగా తగిలింది. ఇలాంటిచోట అల్యూమినియం రేకును గోడకు నాలుగు అంచులా గట్టిగా టేపుతో అంటించి, రెండు రోజులాగి చూడండి. రేకు లోపలివైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు, ఆ గోడకు మరమ్మతు తప్పదు. తడి బయటివైపు ఉంటే గదిలోని తేమ చల్లటి గోడమీద నీరవుతున్నట్టు. బీరువాను కనీసం 5 సెంటీమీటర్లు ముందుకు జరిపి, గదికి గాలి ధారాళంగా వచ్చేలా చేయాలి.

బూజు పట్టిన బట్టలను ఇంటి బయటే దులిపి, ఉతికి, పూర్తిగా ఆరబెట్టాలి. ఖాళీ బీరువాను తుడిచి, బాగా ఆరేదాకా తలుపులు తెరిచే ఉంచాలి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా పెడితే, అందులో చేరే ద్రవం బట్టలమీద ఒలకకుండా అడుగు అరలో నిలకడగా ఉంచడం ముఖ్యం.

చిన్న చిన్న రంధ్రాలు పడుతున్నాయి

ఏ బట్టకు పడ్డాయో చూస్తే చాలావరకు కారణం తెలిసిపోతుంది. ఉన్ని, పట్టు దెబ్బతింటే అది చిమ్మట పిల్లపురుగుల పని. ఎగిరే చిమ్మట బట్ట తినదు. గంజి పెట్టిన నూలుబట్ట అక్కడక్కడ గీరినట్టు పలచబడితే సిల్వర్‌ఫిష్ అనే పురుగును అనుమానించాలి. టీషర్టుకు ముందువైపు, బొడ్డు దగ్గరే రంధ్రాలుంటే పురుగులను నిందించనక్కరలేదు, అది బెల్టు బకిల్ రాపిడి కావచ్చు.

చెమట, ఆహారం మరకలు పురుగును పిలుస్తాయి కనుక దాచే బట్టలను ముందుగా ఉతకాలి, గంజి మాత్రం పెట్టకూడదు. పురుగు పట్టిన ఉన్నిబట్టను సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచాలి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకపోతే బట్ట చెమ్మగిల్లదు. కలరా ఉండలు బాగా మూసి ఉన్న పెట్టెలోనే పనిచేస్తాయి. జీ సిక్స్ పీడీ అనే, ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ లోపమున్న పసిపిల్లల్లో కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఆ కణాలను దెబ్బతీస్తుంది, కాబట్టి పసివాళ్లున్న ఇంట్లో వాటిని వాడకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

దాచిన తెల్లబట్ట పసుపు తిరిగింది

ఉతికినా పూర్తిగా పోని చెమట, ఒంటి జిడ్డు కాలం గడిచేకొద్దీ రంగు తేలుతాయి. నేరుగా చెక్కమీద పెట్టినా ఇలాగే అవుతుంది. అరలో ఉతికిన నూలుగుడ్డ పరిచి, డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ తొడుగులను అదే రోజు తీసేయాలి.

భుజాల దగ్గర బట్ట పొంగుతోంది, కడ్డీ వంగుతోంది

సన్నటి తీగ హ్యాంగర్ల బదులు భుజం వెడల్పుకు తగిన మందపాటివి వాడాలి. స్వెట్టర్లను అసలు వేలాడదీయకుండా మడిచి పెట్టాలి, ఎందుకంటే అల్లిక తన బరువుకే సాగుతుంది. కడ్డీ మీటరుకు మించిన పొడవుంటే మధ్యలో ఒక ఆధారం బిగించి, బరువైన కోట్లను ఆ ఆధారానికి దగ్గరగా తగిలించాలి.