ఇంటి వైద్యం నేర్చుకుందాం – 3వ పాఠం: తలనొప్పికి శొంఠి పట్టు

పోయిన పాఠంలో వావిలాకు గుర్తుపట్టి రమ్మని హోంవర్క్ ఇచ్చాను కదా, కాలవ గట్టున దొరికిందా? ఒక్కో కాడకి అయిదు ఆకులు, చెయ్యి చాపితే వేళ్ళు విడిపోయినట్టుండాలి, కొన్నిటికి మూడే ఉంటాయి అది పర్లేదు. ఆకు వెనక్కి తిప్పితే బూడిద తెలుపు, నలిపితే ఘాటు వాసన. ఈ గుర్తులు కుదరకపోతే దాన్ని వదిలేయండి. వావిలాకుతో పని వచ్చే పాఠంలో, ఇవాళ్టికి పోపుల పెట్టెలో ఉండే శొంఠి కొమ్ము ఒకటి చాలు.

ముందు ఒకటి చెప్పేస్తా, ప్రతి తలనొప్పికీ శొంఠి పనికిరాదు. మా అమ్మమ్మ దగ్గరకి ఎవరైనా తల పట్టుకుని వస్తే సానరాయి తీసేది కాదు, ఎక్కడ్రా నొప్పి, ఎప్పట్నుంచి, ముక్కు పట్టేసిందా, ఎండలో తిరిగావా, పొద్దున్నేమైనా తిన్నావా అని అడిగేది, సగం మందికి ఆ చివరి ప్రశ్నలోనే మందు దొరికేది. రొంప పట్టి, నుదురు దిమ్మెక్కి, వంగితే తల ముందుకి లాగేస్తున్నట్టుంటే దానికి శొంఠి. ఎండన పడొచ్చినవాడికి శొంఠి రాస్తే మంట మీద మంట, వాడికి నీడ, మజ్జిగ, తడిగుడ్డ కావాలి. పార్శ్వపు నొప్పి, అంటే ఒక పక్క కణత టపటపా కొట్టుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, వాంతి వచ్చేట్టుండటం, అలాంటివాళ్ళలో చాలామందికి ఘాటు వాసనే పడదు, వాళ్ళని చీకటి గదిలో పడుకోనివ్వండి చాలు.

ఇంకో రకం ఉంది, దానికి ఏ పట్టూ వేయకూడదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలూ చెయ్యీ లాగేయడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, నెలలు నిండుతున్న గర్భిణికి ఆగకుండా వచ్చే నొప్పి. వీటికి సానరాయి కాదు, ఆటో పిలవండి.

సరే పనిలోకొద్దాం. శొంఠి కొనేటప్పుడు తెల్లగా సున్నం కొట్టినట్టున్నది తీసుకోకండి, అది నిజంగానే సున్నపు నీళ్ళలో ముంచి ఎండబెట్టింది, చూడ్డానికి బాగుంటుంది కానీ అరగదీస్తే ఆ సున్నం కూడా నుదుటి మీదకే వస్తుంది. గోధుమరంగులో, విరిస్తే టప్ మని విరిగేది కావాలి. వంగితే తేమ ఉన్నట్టు. పొడి వద్దా అంటే నేనైతే వద్దంటాను, పొడి కలిపితే గరుకుగా ఉండి రాలిపోతుంది, సాన మీద తీసింది గంధంలా అంటుకుంటుంది.

సానరాయి కడిగి, చెంచాడు గోరువెచ్చని నీళ్ళు పోసి, కొమ్ముని నిలువుగా కాకుండా కాస్త ఏటవాలుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ అరగదీయండి. మొదట్లో నీళ్ళు నీళ్ళుగా, కొమ్ము జారిపోతూ ఉంటుంది, కంగారుపడి గట్టిగా నొక్కితే పెచ్చులూడి పడతాయి. రెండు మూడు నిమిషాలకి చప్పుడు మారుతుంది, గరగరమన్నది కాస్తా మెత్తగా సుయ్ మంటుంది, అప్పుడు గంధం వస్తున్నట్టు. వేలితో తీస్తే కారకూడదు, ముద్దగా నిలవకూడదు, పల్చటి పెరుగులా ఉండాలి.

దాన్ని కనుబొమలకి రెండు వేళ్ళ పైనుంచి నుదురంతా పల్చగా రాయండి, కణతల దగ్గర ఆగిపోండి, కళ్ళ పక్కకి రానివ్వద్దు. కొద్దిసేపట్లో చురుక్కుమంటుంది, తర్వాత వెచ్చగా సర్దుకుంటుంది. 10, 15 నిమిషాల్లో ఆరి బిగుసుకోవడం మొదలవ్వగానే తడిగుడ్డతో తుడిచేయండి. నేను టెన్త్ లో ఉండగా పరీక్ష ముందురోజు రాత్రి, ఎక్కువ రాస్తే ఎక్కువ తగ్గుతుందనుకుని మందంగా పూసుకుని పడుకున్నా, చెమటకి కారి కంట్లోకి పోయింది, పొద్దున చూస్తే నుదుటి మీద ఎర్రగా అచ్చు, పరీక్ష హాల్లో అందరూ నన్నే చూడటం. చిన్నపిల్లలకి, పుళ్ళూ దద్దుర్లూ ఉన్న చర్మానికి అస్సలు వద్దు.

పట్టు లోపలి నీరు లాగేస్తుందని పెద్దాళ్ళంటారు, నాకు ఆ నమ్మకం లేదు. అల్లంలో ఉండే జింజెరాల్ ఎండేటప్పుడు షోగాల్ గా మారుతుంది, అది ఇంకా ఘాటు, అందుకే పచ్చి అల్లం కంటే శొంఠి ఎక్కువ మండుతుంది. ఆ వెచ్చదనం, ఆ చురుకు కలిసి నొప్పిని కాసేపు మరిపిస్తాయి, రొంప మాత్రం దాని టైముకి అదే తగ్గాలి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం సంగతీ దాదాపు ఇదే, అక్కడ శొంఠి బదులు కర్పూరం, పుదీనా పువ్వు (అంటే మెంథాల్) లాంటివి పనిచేస్తాయి. రెండూ ఒకదాని మీద ఒకటి మాత్రం రాయకండి, తట్టుకోలేరు.

ఈ వారం హోంవర్క్: తలనొప్పి లేనప్పుడే రోజూ ఒకసారి అరగదీయడం ప్రాక్టీస్ చేయండి, చప్పుడు మారడం చెవికి పట్టుబడాలి. తీసినదాంట్లో చుక్క ముంజేతి లోపలివైపు రాసి 5 నిమిషాలు చూడండి, దద్దు లేస్తే శొంఠి మీకు పడదు, నుదుటికి రాయొద్దు, 4వ పాఠంలో ఆవిరి ఉంది కదా. దానికి వావిలాకు రెండు గుప్పెళ్ళు, మూత సరిగ్గా పట్టే గిన్నె, ఒక పాత దుప్పటి రెడీగా పెట్టుకోండి.