ఈ చట్టం చేసే అధికారం కేంద్రానిదా, రాష్ట్రానిదా? తేల్చుకోవడం ఎలా

కొత్త చట్టం ఏది వచ్చినా సగం మంది "రాష్ట్రాల హక్కులు లాగేసుకుంటున్నారు" అంటారు, మిగతా సగం మంది "దేశమంతా ఒకే చట్టం ఉంటే తప్పేంటి" అంటారు. రాజ్యాంగం తెరిచి చూసినవాళ్లు మాత్రం రెండు వైపులా కనపడరు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లది ఇంకో రకం గోల. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోని మూడు జాబితాల్లో (కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి) అంశాలన్నీ బట్టీ పట్టి వస్తారు, ఒక్క కొత్త చట్టం చేతికిచ్చి ఇది ఏ జాబితా కిందికి వస్తుందో చెప్పమంటే నోరు పెగలదు. కాబట్టి బట్టీ పక్కన పెట్టి, పని ఎలా చేయాలో చూద్దాం.

కావాల్సినవి: రాజ్యాంగం తాజా ప్రతి, మీరు పరిశీలిస్తున్న చట్టం పూర్తి పాఠం, ఒక పెన్సిల్. గైడ్లు వద్దు. 1976లో 42వ సవరణ విద్య, అడవులు, వన్యప్రాణుల రక్షణతో సహా ఐదు అంశాలను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. ఇన్నేళ్లయినా "విద్య రాష్ట్రం చేతిలోది" అని రాసే గైడ్లు ఇంకా దొరుకుతున్నాయి. వార్తాపత్రిక కథనం చదివి చట్టం చదివాననుకోవడం కూడా కుదరదు.

ముందు 246వ అధికరణ చదవండి, రెండు నిమిషాల పని. కేంద్ర జాబితా మీద పార్లమెంటుకే అధికారం, రాష్ట్ర జాబితా మీద శాసనసభకే, ఉమ్మడి జాబితా మీద ఇద్దరికీ. ఉమ్మడి అన్నారు కదా అని ఇద్దరూ కలిసి కూర్చుని చట్టం చేస్తారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా ఏమీ లేదు, ఎవరి చట్టం వాళ్లు చేసుకోవచ్చు, గొడవ వస్తే ఎవరిది నిలుస్తుందో 254వ అధికరణ చెబుతుంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ఏ జాబితాలోనూ లేని విషయమైతే 248వ అధికరణ ప్రకారం పార్లమెంటుదే. అమెరికాలో ఇలా మిగిలిపోయినవి రాష్ట్రాలకు పోతాయి, మనవాళ్లు కెనడా దారి పట్టారు. కేంద్రపాలిత ప్రాంతాల విషయంలో పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చేయొచ్చు.

తర్వాత, చట్టం ఏం చేస్తుందో మీ సొంత మాటల్లో ఒక్క వాక్యం రాసుకోండి. పేరు చూసి కాదు, పీఠిక చూసి అసలే కాదు. పీఠికలో ఎవరికి కావాల్సింది వాళ్లు రాసుకుంటారు. ఎవరిని ఏం చేయమంటోంది, ఏం చేయొద్దంటోంది, చేయకపోతే ఏమవుతుంది, ఈ మూడూ ఆ వాక్యంలో ఉండాలి.

ఇప్పుడు జాబితాలు తెరవండి, రాష్ట్ర జాబితాతోనే మొదలుపెట్టండి. కేంద్ర జాబితాదే పైచేయి కాబట్టి దానితోనే మొదలుపెట్టాలని చాలామంది నేర్పుతారు. నేను ఒప్పుకోను. కేంద్ర జాబితా చాలా పొడుగు, అందులో ఏదో ఒకటి మీ చట్టానికి అతికినట్టే కనిపిస్తుంది, అక్కడే ఆగిపోతారు. రాష్ట్ర జాబితాలో అయితే కేంద్రానికి ఎక్కడ దారి వదిలారో ఆ అంశంలోనే చాలాచోట్ల రాసి ఉంటుంది. 17వ అంశం నీరు, కానీ "కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి" అని ఉంటుంది, ఆ 56 అంతర్రాష్ట్ర నదులు. చెరువు మీద చట్టం అనుకుని మొదలుపెట్టినా, కృష్ణా, గోదావరి ఎక్కడ అడ్డం వస్తాయో జాబితాయే చూపిస్తుంది. 23వ అంశం గనులు, 24వ అంశం పరిశ్రమలు, వీటికీ ఇలాంటి తోకలే ఉన్నాయి. "లోబడి" అన్న మాట కనపడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టి, అది చూపించిన అంశం కూడా చదివాకే ముందుకు కదలండి.

పన్నుల గురించి ఒక్క మాట. ఒక విషయాన్ని నియంత్రించే అధికారం ఉంటే దాని మీద పన్ను వేసే అధికారం కూడా ఉన్నట్టే అనుకోకండి. రెండూ జాబితాల్లో వేరువేరుగా ఉంటాయి. సుందరరామయ్యర్ కంపెనీకి, ఆంధ్రప్రదేశ్‌కి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1958లోనే ఇది చెప్పింది. జీఎస్టీ అయితే ఈ జాబితాల్లో వెతక్కండి, 2016లో 101వ సవరణతో వచ్చిన 246ఎ అధికరణలో ఉంటుంది.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. నిజమైన చట్టం ఏదీ ఒక్క అంశంలో బుద్ధిగా ఇమడదు, రెండు మూడు అంశాలను తాకుతూ పోతుంది. అప్పుడు చూడాల్సింది చట్టం అసలు సారం ఏమిటని. సారం తమ జాబితాలో ఉంటే, పక్క జాబితాను అక్కడక్కడా తాకినంత మాత్రాన చట్టం చెల్లకుండా పోదు.

దీనికి పాత ఉదాహరణే ఇప్పటికీ బాగా పనికొస్తుంది. బెంగాల్ ప్రభుత్వం 1940లో వడ్డీ వ్యాపారుల మీద ఒక చట్టం తెచ్చింది, వసూలు చేసే వడ్డీకి పరిమితి పెట్టింది. అప్పటికి 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం వడ్డీ వ్యాపారం రాష్ట్రాలది, ప్రామిసరీ నోట్లు కేంద్రానివి. ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పుకు కూడా ఈ పరిమితి వర్తిస్తోంది కాబట్టి బెంగాల్‌కు ఆ అధికారం లేదని ఖుల్నాలోని బ్యాంకు వాదించింది. 1947లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, ఆ వాదన కొట్టేసింది. చట్టం సారం వడ్డీ వ్యాపారమే, నోట్లను తాకడం ఆ పనిలో భాగంగా జరిగిందంతే అని చెప్పింది. నోటు అనే మాట కనపడగానే "కేంద్రానిది" అని తేల్చేసేవాళ్లు ఈ తీర్పు చదవాలి.

ఇక్కడ జనం మూడు రకాలుగా పాడు చేస్తారు. ఒకటి, ఉద్దేశాన్ని సారం అనుకోవడం. మంత్రిగారు సభలో ఏం మాట్లాడారు, దీని వల్ల ఎవరికి లాభం, ఎన్నికలు ఎప్పుడున్నాయి, ఇవి రాజకీయానికి పనికొస్తాయేమో గానీ ఇక్కడ పనికిరావు. అధికారం ఉందా లేదా అన్నదే ప్రశ్న. అధికారం ఉంటే దురుద్దేశంతో చేసినా ఆ కారణంగా చట్టం పోదు, అధికారం లేకపోతే ఎంత మంచి మనసుతో చేసినా నిలవదు. లేని అధికారాన్ని వేరే ముసుగు వేసి వాడుకుంటే కోర్టు ముసుగు తీసి చూస్తుంది, అది వేరే సంగతి.

రెండు, ఒక సెక్షన్ పట్టుకుని వేలాడటం. చట్టంలో యాభై సెక్షన్లు ఉంటే మీకు నచ్చనిది ఒకటి దొరుకుతుంది, దాన్ని బట్టి మొత్తానికి పేరు పెట్టేస్తారు. చట్టాన్ని మొత్తంగా చూడాలి. మీరు రాసుకున్న వాక్యం ఇక్కడే అక్కరకొస్తుంది, అందులో ఏ పని లేకపోతే చట్టమే ఉండదో ఆ పని కింద గీత పెట్టండి. చాలావరకు సారం అదే.

మూడోదే అన్నిటికంటే ప్రమాదం. జాబితాలో మాటకు మన ఇంట్లో వాడుకునే అర్థం పెట్టేసుకోవడం. రాష్ట్ర జాబితా 8వ అంశం మత్తు పానీయాలు. ఫ్యాక్టరీల్లో వాడే ఆల్కహాల్ అందులోకి వస్తుందా? ఎవరూ తాగరు కదా, రాదు అనిపిస్తుంది. 1990లో ఏడుగురు న్యాయమూర్తులు అలాగే అన్నారు. 2024 అక్టోబరులో తొమ్మిదిమంది కూర్చుని, ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, వస్తుందని తేల్చారు. 34 ఏళ్లు పట్టింది. కాబట్టి ఒక మాట అర్థం మీద మీ వాదన మొత్తం నిలబడి ఉంటే, ఆ మాట మీద వచ్చిన తీర్పు వెతక్కుండా నోరు విప్పకండి, పైగా ఆ తీర్పును తర్వాత ఎవరైనా కొట్టేశారేమో కూడా చూడండి.

ఒక్కోసారి సారం ఏమిటన్నదే అసలు తగువు. 2020 సాగు చట్టాల్లో మార్కెట్ యార్డుల బయట అమ్ముకునే చట్టాన్ని తీసుకోండి. కేంద్రం, ఇది ఆహార పదార్థాల వ్యాపారం, ఉమ్మడి జాబితా 33 అంది. ఎదుటివాళ్లు, ఇది వ్యవసాయం, సంతలు, అంటే రాష్ట్ర జాబితా 14, 28 అన్నారు. సుప్రీంకోర్టు తేల్చకముందే 2021లో ఆ చట్టాలు రద్దయ్యాయి. అందుకే దాని మీద ఎవరైనా "రాజ్యాంగం ప్రకారం స్పష్టంగా తప్పు" అనో "స్పష్టంగా ఒప్పు" అనో అంటే నాకు చిరాకు. స్పష్టంగా ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. పేకాట సంగతీ అంతే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని హైదరాబాద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. అలాంటి ఆటను రాష్ట్ర జాబితా 34వ అంశంలోని జూదం కిందికి తెచ్చి ఆన్‌లైన్‌లో నిషేధించొచ్చా అన్న ప్రశ్న మీద మద్రాసు, కర్ణాటక హైకోర్టులు 2021, 2022లో ఆ రాష్ట్రాల చట్టాలను కొట్టేశాయి. 2025లో పార్లమెంటే ఆన్‌లైన్ గేమింగ్ మీద చట్టం తెచ్చింది.

సారం తేలాక మిగతాది తేలికే. ఉమ్మడి జాబితాలో పడితే, దాని మీద కేంద్ర చట్టం ఉందేమో చూడండి. రెండూ ఒకే విషయం మీద ఉన్నంత మాత్రాన విరుద్ధం కాదు, ఒకదాన్ని పాటిస్తే రెండోదాన్ని ఉల్లంఘించక తప్పని పరిస్థితి ఉండాలి, లేదా కేంద్ర చట్టం ఆ రంగం మొత్తాన్ని తనే ఆక్రమించి ఉండాలి. అలా ఉంటే కేంద్ర చట్టమే నిలుస్తుంది, రాష్ట్రానిది విరుద్ధంగా ఉన్నంతవరకు పోతుంది. రాష్ట్ర చట్టాన్ని రాష్ట్రపతికి పంపి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో అదే నడుస్తుంది. తమిళనాడు జల్లికట్టు కోసం 2017లో ఈ దారే పట్టింది, 2023లో సుప్రీంకోర్టు సరేనంది. ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు 2019 డిసెంబరులో అసెంబ్లీలో పాసైంది, రాష్ట్రపతి ఆమోదం దక్కక అమల్లోకి రాలేదు. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు, యాప్ వచ్చాయి కాబట్టి చట్టం కూడా ఉందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఇంకో సంగతి, ఆమోదం దొరికినా అది శాశ్వతం కాదు, పార్లమెంటు తర్వాత ఇంకో చట్టంతో దాన్ని మార్చొచ్చు, తీసేయొచ్చు. అందుకే తేదీలు రాసుకోండి.

చివరగా పక్కదారులు. సారం రాష్ట్ర జాబితాలోనే ఉన్నా పార్లమెంటు చట్టం చేయగలిగే సందర్భాలున్నాయి: రాజ్యసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానిస్తే 249వ అధికరణ, అత్యవసర పరిస్థితి ఉంటే 250, విదేశాలతో ఒప్పందం అమలు చేయడానికి 253. ఎక్కువమంది పట్టించుకోనిది 252. రెండు లేదా ఎక్కువ రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు వాటి కోసం చట్టం చేస్తుంది, మిగతా రాష్ట్రాలు కావాలంటే తర్వాత చేరతాయి. ఒకసారి చేరాక ఆ చట్టాన్ని రాష్ట్రం తనంతట తాను మార్చుకోలేదు, రద్దు చేసుకోలేదు. 1976 పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం (యూఎల్‌సీ) ఇలా వచ్చిందే. పార్లమెంటు దాన్ని 1999లో రద్దు చేసినా, ఆ రద్దును ఆంధ్రప్రదేశ్ ఆమోదించింది 2008 మార్చిలో. అంటే ఢిల్లీలో రద్దయ్యాక కూడా హైదరాబాద్‌లో అది బతికే ఉంది. పాత భూమి కాగితాల్లో యూఎల్‌సీ అని కనపడి, "అది 1999లోనే పోయింది కదండీ" అని ఎవరైనా అంటే, వాళ్లకు ముందు 252 చూపించండి.