యాంటీవైరస్ స్కాన్ మధ్యలో బిగుసుకుపోతే

రాత్రి ఫుల్ స్కాన్ పెట్టి పడుకుంటాం. పొద్దున లేచి చూస్తే 41 శాతం దగ్గర ఉన్నది అక్కడే ఉంటుంది. టెన్షన్‌లో చాలామంది చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఒకవేళ హార్డ్ డిస్క్ బాగాలేక స్కాన్ ఆగి ఉంటే, అలా ఒక్కసారిగా ఆపడంతో మిగిలిన ఫైళ్లకు కూడా ముప్పు వస్తుంది.

నన్నడిగితే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. స్కాన్ నిజంగా ఆగిందా, లేక నత్తనడక నడుస్తోందా? ఆగితే ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా, లేక ఒక్కోసారి ఒక్కోచోటా? ఈ రెండూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కింద చెప్పినవి విండోస్ 10, 11కి వర్తిస్తాయి.

శాతం కదలదు, కంప్యూటర్ మాత్రం మామూలుగానే ఉంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ వాడుతుంటే అందులో ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అని కనిపిస్తుంది. వేరే యాంటీవైరస్ అయితే దాని పేరే ఉంటుంది. దాని పక్కన సీపీయూ, డిస్క్ అంకెల్ని ఓ రెండు నిమిషాలు గమనించండి. అవి పెరుగుతూ తగ్గుతూ ఉంటే స్కాన్ బతికే ఉంది.

మరి శాతం ఎందుకు కదలదు? అది ఒక అంచనా మాత్రమే కాబట్టి. స్కానర్ లెక్కలో జిప్ ఫైల్ ఒకటే కావచ్చు, దాని కడుపులో వేల ఫైళ్లు ఉంటాయి. ఒక్కొక్కటీ విప్పి చూడాలి. ఐఎస్ఓ ఫైళ్లు (ఒక డిస్క్‌లోని సరుకంతా ఒకే ఫైల్‌గా మార్చినవి), ఏళ్ల తరబడి పేరుకున్న మెయిల్ ఆర్కైవ్‌లు కూడా అంతే.

ఏ ఫైల్ దగ్గర ఉందో చూడాలంటే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. డిస్క్ ట్యాబ్‌లో యాంటీవైరస్ ప్రాసెస్ పక్కన టిక్ పెడితే, అది చదువుతున్న ఫైళ్ల పేర్లు కింద వరసగా వస్తాయి. మా ఇంట్లో ఒకసారి స్కాన్ గంటల తరబడి కదలకపోతే ఇలాగే చూశాను. పాత ల్యాప్‌టాప్ బ్యాకప్ జిప్, అందులో అంతకుముందు ల్యాప్‌టాప్ బ్యాకప్ జిప్. మూటలో మూట. పైగా అదే జిప్ ఇంకో ఫోల్డర్‌లో కూడా ఉంది. అక్కర్లేని కాపీ తీసేశాక స్కాన్ పూర్తయింది.

కాబట్టి ఇక్కడ చేయాల్సింది ఓపిక పట్టడం, లేదంటే పనికిరాని పెద్ద ఆర్కైవ్‌లు తీసేయడం. ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే స్కాన్ చేయకుండా వదిలేయాల్సిన వాటి జాబితాలో చేర్చాల్సి వస్తే, ఎక్కడి నుంచి వచ్చిందో మీకు బాగా తెలిసిన ఆ ఒక్క ఫైల్‌నే చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని చేర్చడమంటే దొడ్డి తలుపు తీసిపెట్టి వీధి తలుపుకు తాళం వేయడమే.

ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగుతోంది

ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి చూడండి. కాపీ చక్కగా అయితే డిస్క్ మీద అనుమానం తగ్గుతుంది. ఆ ఫైలే పాడై స్కానర్‌ను తికమక పెడుతుండొచ్చు. యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అయినా కదలకపోతే, అక్కర్లేని ఫైలైతే తీసేయండి.

కాపీ కూడా అక్కడే బిగుసుకుంటే యాంటీవైరస్‌ను తిట్టి లాభం లేదు. డిస్క్‌లో మామూలుగా ఎవరూ ముట్టుకోని మూలలను కూడా ఫుల్ స్కాన్ చదువుతుంది కాబట్టి, జబ్బు ముందు అక్కడే బయటపడుతుంది. టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ 100 శాతం అని ఉండి, రీడ్ స్పీడ్ మాత్రం సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది. పాతరకం హార్డ్ డిస్క్ అయితే టిక్కు టిక్కుమని చప్పుడూ రావచ్చు.

రూఢి చేసుకోవడానికి, విండోస్‌లో జరిగిన లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌ను స్టార్ట్‌లో వెతికి తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కండి. సోర్స్ దగ్గర ‘డిస్క్’ అని, ఈవెంట్ ఐడీ 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్‌లో పాడైన చోటు దొరికిందని అర్థం. 153 అంటే డేటా కోసం డిస్క్‌ను మళ్లీ అడగాల్సి వచ్చిందని.

ఇక్కడ వరస తప్పకూడదు. ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. ఆ తర్వాతే చెక్‌డిస్క్, అంటే డిస్క్‌లో లోపాలను వెతికే విండోస్ టూల్. అది డిస్క్ అంతా గాలిస్తుంది, చివరి దశలో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్‌లో ఉండే చెక్ బటన్ ఫైల్ సిస్టమ్ లోపాలనే చూస్తుంది. చెడిపోయిన సెక్టార్లను వెతకాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, చెక్‌డిస్క్‌ను ‘ఆర్’ స్విచ్‌తో (chkdsk C: /r అని టైప్ చేసి) నడపాలి. సీ డ్రైవ్ వాడకంలో ఉంటుంది కనుక రీస్టార్ట్‌లో చేయమంటారా అని అడుగుతుంది, సరేననండి. గంటలు పడుతుంది. తర్వాత కూడా కొత్త ఎర్రర్లు వస్తూనే ఉంటే డిస్క్ మార్చేయడమే. రిపేర్ మీద ఆశ పెట్టుకోకండి.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది

నేను ముందు అనుమానించేది స్లీప్‌ను. కంప్యూటర్ నిద్రపోతే స్కానూ నిద్రపోతుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఆ రాత్రికి స్లీప్‌ను ‘నెవర్’ చేసి, ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి, మూత తెరిచి ఉంచండి.

తర్వాత చూడాల్సింది రెండు యాంటీవైరస్‌లు. ఇంకోటి వేస్తే డిఫెండర్ సాధారణంగా తానే తప్పుకుంటుంది. బయటివి రెండు ఉంటేనే పేచీ. ఒకటి తెరిచిన ఫైల్‌ను రెండోది పట్టుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ వెర్షన్ గడువు తీరి ఓ మూల పడి ఉందేమో చూడండి. తీసేసేటప్పుడు ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ ఉంటే అదే వాడండి, మామూలు అన్‌ఇన్‌స్టాల్ కొన్ని డ్రైవర్లను వదిలేస్తుంది.

స్కాన్‌తో పాటు మౌస్ కూడా కదలకపోతే వేడో, ర్యామో కారణం కావచ్చు. ఫ్యాన్ దగ్గర దుమ్ము దులిపి, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి.

మొదలైన కాసేపటికే స్కాన్ మాయమవుతోంది

యాంటీవైరస్ అప్‌డేట్ కూడా కావడం లేదంటే వైరసే అడ్డుపడుతూ ఉండొచ్చు. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్, అక్కడ ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నది అడ్డుకోలేదు. సుమారు 15 నిమిషాల పని. ఏం దొరికిందో ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. ఈలోగా ‘మీ పీసీలో వైరస్‌లు ఉన్నాయి, ఇది డౌన్‌లోడ్ చేసుకోండి’ అని బ్రౌజర్‌లో వచ్చే పాప్‌అప్‌ల జోలికి వెళ్లకండి.

ఆఫ్‌లైన్ స్కాన్ అయ్యాక ముందు క్విక్ స్కాన్ (వైరస్‌లు ఎక్కువగా దాక్కునే చోట్లను మాత్రమే చూసేది) చేయండి. అది సాఫీగా పూర్తయితే అప్పుడు ఫుల్ స్కాన్ పెట్టండి. అసలు ఫైళ్లు తెరిచినప్పుడల్లా అప్పటికప్పుడే తనిఖీ చేసే రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే రోజువారీకి క్విక్ స్కాన్ సరిపోతుంది. వారం వారం ఫుల్ స్కాన్ పెట్టి దాని ముందు కాపలా కూర్చోవాల్సిన పని లేదు.