పాత బండి కింద పెట్రోల్ కారతా ఉంటే

పాత యెజ్డీనో ఆర్‌ఎక్స్ 100నో ఉంచుకున్నోళ్ళకి ఒక మాట, పొద్దున్నే బండి కింద తడి కనిపిస్తే నేరుగా కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) ఊడదీయకండి, ముందు ట్యాంకు నుంచి దానికి పోయే పెట్రోల్ పైపుని కొంచెం వంచి చూడండి. మా తిరుపతి ఎండకి నా బండి పైపు కట్టెలాగా బిగుసుకుపోయింది, క్లిప్పు పక్కన వెంట్రుకంత పగుళ్ళు, వంచితే గానీ కనబడలా. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతా ఉన్నారు కదా, పాత రబ్బరుకి అది పడదు.

ఇంజిన్ చల్లారినాక ట్యాంకు కింద ఉండే పెట్రోల్ ట్యాప్ ఆఫ్ చేసి, పాత పైపుని గుంజకుండా బ్లేడుతో నిలువుగా చీల్చి తీయండి, గుంజితే ట్యాప్ ముక్కు వంగిపోతుంది, నాకు ఆ పాఠం ఒకసారి అయింది. పాత ముక్క షాపుకి తీసకపోయి అదే లోపలి సైజు, ఇథనాల్ తట్టుకునే పైపే అడగండి. ఆ తెల్లగా మెరిసే ప్లాస్టిక్ ట్యూబ్ చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్నాళ్ళకే పసుపెక్కి గట్టిపడిపోతుంది, వద్దు. కొత్త పైపు కొస వేడినీళ్ళలో ముంచితే సులభంగా ఎక్కుతుంది, ఇంజిన్‌కి తగలకుండా పోనిచ్చి రెండు పక్కలా కొత్త క్లిప్పులు వేయండి. తర్వాత ట్యాప్ ఆన్ చేసి కింద పేపర్ పరిచి పది నిమిషాలు చూడండి. కార్బరేటర్ ఓవర్‌ఫ్లో పైపులోంచి కారతా ఉంటే మాత్రం అది ఫ్లోట్ పిన్ను (కార్బరేటర్ నిండినాక పెట్రోల్‌ని ఆపే సూది) గొడవ, పైపుది కాదు.