పిల్లలతో సముద్రతీరం వెంట నడక: దూరం కన్నా ముందు ఆటుపోట్లు చూసుకోండి

తీరం వెంట నడుద్దామనగానే అందరూ మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లని. అసలు అడగాల్సింది ఆ రోజు ఆటు (నీరు పూర్తిగా వెనక్కి తగ్గే వేళ) ఎన్నింటికని. కొండదారి ఉదయం ఎలా ఉందో మధ్యాహ్నమూ అలాగే ఉంటుంది. ఒడ్డున మాత్రం వెళ్లేటప్పుడు నడిచిన ఇసుక, తిరిగొచ్చేసరికి నడుములోతు నీళ్లలో ఉండొచ్చు.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు పూర్తిగా పైకి వచ్చే వేళలు), రెండు ఆట్లు. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి. సోమవారం తొమ్మిదింటికి హాయిగా దాటిన చోటు శుక్రవారం తొమ్మిదింటికి నీళ్లలో ఉండటానికి కారణం ఇదే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు మామూలుకన్నా ఎక్కువగా లేస్తుంది, ఎక్కువగా దిగుతుంది. వేళల పట్టిక చూసేటప్పుడు అది ఏ రేవుకు వేసిందో గమనించండి. మీరున్న చోటికి కొంత తేడా ఉండొచ్చు. గాలి ఒడ్డువైపు బలంగా వీస్తుంటే నీరు పట్టికలో ఉన్నదానికన్నా పైకి వస్తుంది.

చాలామందిని మోసం చేసేది నీరు లేచే తీరు. అది గంటగంటకూ ఒకేలా పెరగదు. ఆటుకీ పోటుకీ నీటిమట్టంలో తేడా 3 మీటర్లు అనుకుందాం. ఆటు తర్వాత మొదటి గంటలో సుమారు 25 సెంటీమీటర్లు, రెండో గంటలో 50, మూడో గంటలో 75, నాలుగో గంటలోనూ 75 పెరుగుతుంది. అంటే మొదటి రెండు గంటల్లో లేచినంత నీరు మూడో గంట ఒక్కదానిలోనే లేస్తుంది. "ఇందాకటి నుంచి చూస్తున్నాంగా, పెద్దగా రాలేదు" అని ఇంకాసేపు కూర్చునేది సరిగ్గా ఆ గంట ముందే.

వేళ లెక్క

దారిలో ఇరుకు చోటు ఎక్కడుందో మ్యాపులో గుర్తించండి. అది నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మూల కావచ్చు, దాటాల్సిన పాయ కావచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, రెండుసార్లూ ఆటుకు గంట అటూ ఇటూగా ఆ చోటు దాటేలా చూసుకోవాలి.

ఆటు 10:30కి, ఇరుకు చోటు 2 కిలోమీటర్ల దూరంలో, చివరి గమ్యం 3 కిలోమీటర్ల దగ్గర ఉందనుకోండి. ఆరేడేళ్ల పిల్లలతో గంటకు 2.5 కిలోమీటర్లకు మించి లెక్కవేయకండి; గవ్వలు ఏరడం కూడా నడకలో భాగమే. 8:45కి బయల్దేరితే 9:33కి ఇరుకు చోటు, 9:57కి గమ్యం. 45 నిమిషాలు తిని, ఆడి, 10:42కి లేస్తే 11:06కి మళ్లీ ఇరుకు చోటు దాటేస్తారు. ఆ 10:42 మీద బేరాలు లేవు. గమ్యం చేరకపోయినా ఆ వేళకు వెనుదిరగాల్సిందే. ఫోనులో అలారం పెట్టుకుంటే పిల్లలతో వాదన కూడా తగ్గుతుంది.

ఎక్కడ అడుగు వేయాలి

పొడి ఇసుకలో నడవాలంటే గట్టి నేల మీదకన్నా రెట్టింపు శ్రమ. నీరు అప్పుడే దిగిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద నడవండి. ఆటుకు ముందు బయల్దేరడంలో రెండో లాభం ఇదే. ఒడ్డు బాగా వాలుగా ఉంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడి, తుంటి, చీలమండ నొప్పెడతాయి. అలాంటి చోట కాస్త పైకెళ్లి చదునుగా ఉన్న నేల చూసుకోండి.

రాళ్ల మీద రంగు చూసి అడుగేయాలి. పచ్చగానో నల్లగానో నిగనిగలాడేది నాచు. ఎంత మంచి బూటైనా జారుతుంది. పొడిగా, గరుకుగా ఉన్నదే నమ్మదగ్గది. పొడుచుకొచ్చిన గుట్టల దగ్గర అలల బలం పోగవుతుంది, లోపలికి వంగిన తీరాల్లో అది చెదిరిపోతుంది. కాబట్టి తినడానికి, ఫొటోలకు వంపులో ఆగండి. గుట్ట కొనన నిలబడాలంటే ముందు కొన్ని నిమిషాలు అలలను గమనించండి; ఐదారు చిన్నవాటి తర్వాత ఒక పెద్దది రావడం మామూలే. దారి కొండ అంచు మీదుగా వెళ్తే అంచుకు దూరంగా ఉండండి. కింద నుంచి అలలు కోసేయడంతో పైన గడ్డి కనిపించినా దాని కింద ఏమీ ఉండకపోవచ్చు. ఆ కొండచరియ కింద కూర్చోవడమూ వద్దు, రాళ్లు పడతాయి.

చల్లగా అనిపించే ఎండ

సముద్రపు గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది. అందుకే దాహం తెలియదు, చర్మం కమిలినా తెలియదు. వేడి రోజున పెద్దవాళ్లకు గంటకు అర లీటరు నీళ్లు పెట్టుకోండి. పిల్లలు అడిగేదాకా ఆగకుండా ప్రతి 20 నిమిషాలకూ నాలుగు గుక్కలు తాగించండి. పెద్దవాళ్ల ఒళ్లంతటికీ ఒకసారి రాయడానికి 30 మిల్లీలీటర్లకు పైగా సన్‌స్క్రీన్ పడుతుంది. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇసుక నుంచీ నురగ నుంచీ ఎండ పైకి తిరిగి కొడుతుంది కాబట్టి గడ్డం కింద, చెవుల వెనక కూడా రాయండి. టోపీ ఒక్కటే చాలదు.

వేళ్లు మూసి ఉండి, నీరు బయటికిపోయే చెప్పులు మేలు. వలలాంటి గుడ్డతో చేసిన (మెష్) బూట్లలో ఇసుక నిండితే, తడి మేజోళ్లతో రాసుకుని బొబ్బలు లేస్తాయి. మడమ దగ్గర వేడిగా ఉందని పిల్లలు అన్నప్పుడే ఆగి, ఇసుక దులిపి టేపు వేయండి. బొబ్బ లేచాక వేస్తే ఎత్తుకుని రావాల్సిందే.

ఒడ్డున పడున్న జెల్లీఫిష్ చచ్చినా కుడుతుంది. కుట్టిన చోట ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి; రెండూ మిగిలిన విషపు ముళ్లను రేపుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, దారాల్లాంటివి పట్టకారుతో తీయండి. ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా నడక ఆపి వైద్యసాయం పిలవాలి.

ఉరుము వినిపిస్తే ఒడ్డు వదిలి భవనంలోకో కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావద్దు.

ఇన్ని చూసుకున్నా నీరు దారి మూసేస్తే, ఈది దాటే ప్రయత్నం చేయకండి. పెళ్లలు రాలే కొండ ఎక్కొద్దు. అందుబాటులో ఉన్న ఎత్తైన గట్టి రాయి మీదికి అందరూ చేరి, అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఆ విజిల్ పెద్దవాళ్ల సంచిలో కన్నా పిల్లల మెడలో ఉండటం మంచిది.